సందులో ఎదురుపడ్డ రెండు రోబోలు: ఎల్‌టీఎల్ సరిపోతుందా, ఏటీఎల్‌కి మారాలా?

గళ్ళబండి:

అందరికీ నమస్తే. వారం రోజులుగా ఒకే చోట తిరుగుతున్నాను, అచ్చం నా రోబోల్లాగే. గోడౌన్‌లో సరుకు మోసే ఐదు రోబోలకి కంట్రోల్ ప్రోగ్రామ్ రాశాను. స్థలం 12 x 8 గళ్ళు. మధ్యలో ఒక్క గడి వెడల్పున్న సందు ఉంది, దాంట్లోంచి తప్ప అవతలికి వెళ్ళే దారి లేదు. ఒక్కో రోబోకి తన పక్క గళ్ళు మాత్రమే కనిపిస్తాయి. మిగతావి ఎక్కడున్నాయో వైర్‌లెస్ మెసేజ్‌ల వల్ల తెలియాలి, అందులో కొన్ని మెసేజ్‌లు దారిలోనే పోతుంటాయి. సందు మధ్యలో రెండు ఎదురుపడితే రెండూ వెనక్కి వెళ్ళి మళ్ళీ ప్రయత్నించాలి, ఇదీ రూలు.

మూడు రాత్రులు సిమ్యులేషన్ నడిపితే ఒక్క గొడవ కూడా రాలేదు (అందులో వేగాలు కొంచెం అటూ ఇటూ అయ్యేలా పెట్టాను). అది చూపిస్తే మా గైడ్ "బానే ఉంది, రుజువేది?" అన్నారు. దాంతో నుఎస్ఎంవీ (సిస్టమ్ నడవగల దారులన్నీ వెతికి చూసే మోడల్ చెకర్) నేర్చుకుని ఎల్‌టీఎల్‌లో (కాలం గడిచేకొద్దీ ఏం జరగాలో చెప్పే లాజిక్) రెండు ప్రాపర్టీలు రాశాను. ఒకటి, ఏ రెండు రోబోలూ ఎప్పుడూ ఒకే గడిలో ఉండకూడదు. రెండు, ఏ రోబోకి పని అప్పగించినా ఎప్పుడో ఒకప్పుడు అది పూర్తి కావాలి.

ఐదు రోబోలతో పెడితే మెమరీ మొత్తం తినేసి ఆగిపోయింది. రెండుకి తగ్గించి, అందరూ ఒకే అడుగులో కదిలేట్టు రాశాను. మొదటిది పాస్. రెండోది ఫెయిల్, "లూప్ ఇక్కడ మొదలు" అని ఒక ట్రేస్ (తప్పుకి దారితీసే అడుగుల వరస) ఇచ్చింది. ఎక్కడో చూసి ఫెయిర్‌నెస్ లైను (ఫలానాది జరుగుతూనే ఉంటుందన్న ఊహ) ఒకటి చేర్చాను, "ప్రతి రోబో అనంతసార్లు సందు దాటుతుంది" అని. వెంటనే పాసయింది. అంత సులువుగా పాసయ్యేసరికి ఇంకా టెన్షన్ పట్టుకుంది.

నా అనుమానాలు ఇవి. ఎ) ఎల్‌టీఎల్ ఒక్క ప్రోగ్రామ్‌కే అనీ, చాలా ఏజెంట్లు (రోబోల్లాగా తమంతట తామే నిర్ణయించుకునేవి) ఉంటే వాటి వ్యూహాల గురించి మాట్లాడే ఏటీఎల్ లేదా స్ట్రాటజీ లాజిక్ వాడాలనీ చదివాను, మారాలా? బి) ఆ ఫెయిర్‌నెస్ లైను పెట్టడం న్యాయమేనా? సి) రెండు రోబోలతో పాసైతే ఐదింటికీ పాసైనట్టేనా?


తర్కవితర్కం:

బి తో మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నారు. ఏమీ అనుకోకండి, నేనూ మొదట్లో ఇదే చేశాను. మీరు ఫెయిర్‌నెస్‌గా ఏది రాస్తే, అది జరగని దారులన్నిటినీ మోడల్ చెకర్ లెక్కలోంచి తీసేస్తుంది. మీరు తీసేయించినవి రోబో సందు దాటకుండా ఇరుక్కుపోయే దారులు, మరి మీరు వెతకాల్సినవే అవి కదా! ప్రశ్నపత్రం మీదే జవాబు అచ్చేసి, అందరూ పాసయ్యారని సంబరపడటం లాంటిది ఇది.

ఫెయిర్‌నెస్ పెట్టడం తప్పు అనట్లేదు. ఎవరి మీద పెడుతున్నారో చూసుకోవాలి, అంతే. మీ చేతిలో లేనివాటి మీద పెట్టుకోవచ్చు: షెడ్యూలర్ (ఎవరి వంతు ఎప్పుడో తేల్చేది) ఏ రోబోనీ శాశ్వతంగా పక్కన పెట్టదు, మెసేజ్‌ని అనంతసార్లు మళ్ళీ మళ్ళీ పంపితే అనంతసార్లు అందుతుంది, ఇలాంటివి. మీరు రాసిన కోడ్ చేయాల్సిన పని మీద మాత్రం పెట్టకూడదు. ఊహ రాసేటప్పుడు "దీన్ని నిజం చేసేది ఎవరు?" అని అడగండి, జవాబు "నా ప్రోగ్రామే" అయితే ఆ లైను కొట్టేయండి.

ఇక ఆ ట్రేస్‌ని ఎలా చదవాలంటే, లైవ్‌నెస్ ప్రాపర్టీ (మంచి ఎప్పుడో ఒకప్పుడు జరగాలి అనేది) ఫెయిలైతే కౌంటర్ ఎగ్జాంపుల్, అంటే తప్పుని చూపే ట్రేస్, పలుపుతాడు ఆకారంలో ఉంటుంది, కొంత తోక, చివర ఒక ఉచ్చు. తోకని వదిలేసి ముందు ఉచ్చులో ఎవరెవరు కదులుతున్నారో చూడండి. ఉచ్చు మొత్తంలో ఒక రోబో అసలు అడుగే వేయకపోతే బహుశా షెడ్యూలర్ దానికి వంతు ఇవ్వలేదు, అప్పుడు పర్యావరణం మీద ఫెయిర్‌నెస్ పెట్టడం న్యాయమే. అందరూ చక్కగా కదులుతూ కూడా పని పూర్తి కావట్లేదంటే అది మీ డిజైన్‌లో తప్పు. మీ మోడల్‌లో అందరూ ఒకే అడుగులో కదులుతారన్నారు కాబట్టి మీది రెండోదే అని పందెం కాస్తాను: ఇద్దరూ సందులోకి వస్తారు, మధ్యలో ఎదురుపడతారు, ఇద్దరూ మర్యాదగా వెనక్కి వెళ్తారు, మళ్ళీ ఇద్దరూ వస్తారు. "తమరు ముందు" "కాదు తమరు ముందు" అంటూ ప్రళయం దాకా. ఇది డెడ్‌లాక్ కాదు, ఎవరూ ఆగిపోలేదు కదా. లైవ్‌లాక్. సిమ్యులేషన్‌లో వేగాలు అటూ ఇటూ చేశారు కాబట్టి మూడు రాత్రులూ ఎవరో ఒకరు ముందు వచ్చారు, మీకు కనిపించలేదు.

ఇప్పుడు ఎ. ఎల్‌టీఎల్ ఒక్క ప్రోగ్రామ్‌కే అన్న మాట ఎక్కడ చదివారో గానీ అది తప్పు. అమీర్ ప్నూయెలీ 1977లో టెంపోరల్ లాజిక్‌ని ప్రోగ్రామ్‌ల దగ్గరికి తెచ్చినప్పుడే ఏకకాలంలో నడిచే ప్రోగ్రామ్‌లు మనసులో ఉన్నాయి. తేడా ఎన్ని ఏజెంట్లున్నాయన్న దాంట్లో లేదు, మీరు అడిగే ప్రశ్నలో ఉంది. ఎల్‌టీఎల్ అడిగేది "ఈ సిస్టమ్ ఎలా నడిచినా ఇది జరుగుతుందా?" అని. సీటీఎల్ అనే ఇంకో లాజిక్‌లో "ఇది జరిగే దారి ఒక్కటైనా ఉందా?" అని కూడా అడగొచ్చు, కానీ ఆ ఒక్క దారిలో అందరూ, చివరికి అదృష్టం కూడా, కలిసొచ్చి ఉండొచ్చు. ఈ రెండిటి మధ్యా ఖాళీ ఉంది: "మిగతావాళ్ళు ఏం చేసినా సరే, 1, 2 రోబోలు కలిసి దీన్ని సాధించగలవా?" ఆలూర్, హెంజింగర్, కుప్‌ఫర్‌మన్ 1997లో తెచ్చిన ఏటీఎల్ దానికోసం.

కానీ ఇక్కడ చాలామంది జారిపడతారు. ఏటీఎల్ ఫార్ములా పాసైందంటే "అలా సాధించే వ్యూహం ఒకటి ఉంది" అని మాత్రమే అర్థం. మీ కోడ్ ఆ వ్యూహాన్ని పాటిస్తోందని కాదు! మీరు కోడ్ ఇప్పటికే రాసేశారు, అంటే ఐదు రోబోల వ్యూహాలూ ఖాయమైపోయాయి, మిగిలింది పర్యావరణం చేసే తిక్క పనులే. దానికి ఎల్‌టీఎల్ దండిగా సరిపోతుంది. డిజైన్ ఇంకా తేల్చుకోకముందు "ఇది అసలు సాధ్యమేనా" అని తెలుసుకోవాలంటే ఏటీఎల్ తీయండి, లేదా కొన్ని రోబోలు వేరే వాళ్ళవై వాటి కోడ్ మీకు తెలియకపోతే. ఇంకో మాట, మీ రోబోలకి పక్క గళ్ళే కనిపిస్తాయన్నారు. మామూలు ఏటీఎల్‌లో వ్యూహం అంతా చూడగలదన్నట్టు లెక్క, కనబడని చోట ఏముందో తెలిసినట్టు నిర్ణయాలు తీసేసుకుంటుంది. అలా కాకుండా సగమే కనిపించే ఏజెంట్లు, పైగా గతమంతా గుర్తుపెట్టుకునే ఏజెంట్లు అన్నారంటే, ఏటీఎల్ మోడల్ చెకింగ్ అన్‌డిసైడబుల్, ఏ అల్గారిథమూ అన్ని కేసులకీ జవాబివ్వలేదు. స్ట్రాటజీ లాజిక్ ఇంకా బరువు. మీ ప్రాజెక్టుకి అంత అవసరం లేదు.


నిదానంగా:

పైవారు అంతా బాగా చెప్పారు గానీ అందరూ రెండో ప్రాపర్టీ మీదే పడ్డారు. నాకు మొదటిది పాసవడమే అనుమానంగా ఉంది.

1వ రోబో 4వ గడిలో, 2వ రోబో 5వ గడిలో ఎదురెదురుగా ఉన్నాయనుకోండి. తర్వాతి అడుగులో 1వది 5కి, 2వది 4కి వెళ్తే? ఏ క్షణంలోనూ ఇద్దరూ ఒకే గడిలో లేరు. మీ ఫార్ములా హాయిగా పాస్. నిజం గోడౌన్‌లో మాత్రం రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుని పడి ఉంటాయి, ఎందుకంటే మీ మోడల్‌లో అవి ఒకదాంట్లోంచి ఒకటి దూరి వెళ్ళిపోయాయి, దయ్యాల్లాగా. దారులు వేసే అల్గారిథమ్‌ల వాళ్ళు దీన్ని ఎడ్జ్ కాన్‌ఫ్లిక్ట్ అంటారు, ఒకే గడిలో ఉండటం వెర్టెక్స్ కాన్‌ఫ్లిక్ట్, రెండూ విడివిడిగా చూసుకోవాలి. ఎల్‌టీఎల్‌లో "నెక్స్ట్" ఆపరేటర్ వాడి రాయండి: 1వది ఎ గడిలో 2వది బి గడిలో ఉంటే, తర్వాతి అడుగులో 1వది బి లో 2వది ఎ లో ఉండకూడదు, పక్కపక్కనున్న ప్రతి జతకీ.

ఇంకో చిన్న సంగతి. "ఎప్పుడో ఒకప్పుడు" అంటే లాజిక్ దృష్టిలో లక్ష సంవత్సరాల తర్వాత అయినా పాసే. వాడేవాళ్ళకి కావాల్సింది బహుశా "ఇన్ని అడుగుల లోపల". అలా హద్దు పెడితే అది లైవ్‌నెస్ కాదు, సేఫ్టీ (చెడు ఎప్పుడూ జరగకూడదు అనేది) అయిపోతుంది, కౌంటర్ ఎగ్జాంపుల్‌లో ఉచ్చు ఉండదు, తిన్నగా ఉంటుంది, చదవడం తేలిక. అడుగులు కాకుండా నిజం సెకన్లు కావాలంటే టైమ్డ్ ఆటోమేటాకి (గడియారాలున్న మోడల్‌లకి) వెళ్ళాలి, దానికి ఉప్పాల్ అనే టూల్ ఉంది.


ఎర్రలైటు:

నాకు ఒకటి అర్థం కాదు బ్రో, ఇంత తంటా ఎందుకు? రెండు రోబోలకి కుదించి, గళ్ళు కుదించి, మెసేజ్‌లు కుదించి, చివరికి ఆ కుదించిన బొమ్మ మీద రుజువు చేస్తారు. అసలు కోడ్ వేరే ఉంటుంది. ఆ టైములో ఇంకో వెయ్యి గంటలు సిమ్యులేషన్ నడిపి, ఎదురుపడే కేసులు ఎక్కువ వచ్చేలా చేస్తే బగ్గులు దొరకవా? మా టీమ్‌లో ఒకాయన ఇలాగే రెండు నెలలు మోడల్ రాశాడు, అది పూర్తయ్యేసరికి కోడ్ మూడుసార్లు మారిపోయింది.


తర్కవితర్కం:

ఎర్రలైటు గారూ, మోడల్ వేరు, కోడ్ వేరు అన్నది నిజం, ఒప్పుకుంటాను. మోడల్ కోడ్‌తో పాటు మారకపోతే అది గోడ మీద వేలాడే పటం. కానీ సిమ్యులేషన్ మీద మీకున్నంత నమ్మకం నాకు లేదు, ఎందుకో ఒక కథ చెప్తాను, ఏజెంట్ల సంగతే.

నాసా డీప్ స్పేస్ 1 అనే వ్యోమనౌకని 1998లో పంపింది. దాని మీద రిమోట్ ఏజెంట్ అనే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించారు, తనంతట తనే ప్లాన్ వేసుకుని, నడిపించుకుని, లోపం వస్తే కనిపెట్టే రకం. అది ఎగరక ముందే, 1997లో, అందులో ప్లాన్‌ని అమలు చేసే భాగాన్ని స్పిన్ అనే మోడల్ చెకర్‌తో పరిశీలిస్తే ఏకకాలంలో నడిచే పనుల మధ్య ఐదు తప్పులు దొరికాయి. వాటిని దిద్దారు. 1999 మేలో అంతరిక్షంలో పరీక్ష జరుగుతుంటే రిమోట్ ఏజెంట్ ఆగిపోయింది. డెడ్‌లాక్. తీరా చూస్తే, స్పిన్‌తో దొరికిన ఐదింటిలో ఒకదాని లాంటిదే, కాకపోతే మోడల్ చెకింగ్ చేయని వేరే భాగంలో ఉంది. భూమ్మీద బోలెడన్ని టెస్టులు చేశారు, ఒక్కదాంట్లోనూ రాలేదు, ఎందుకంటే రెండు థ్రెడ్‌ల మధ్య ఆ కాస్త సందు సరిగ్గా ఆ క్షణంలోనే తెరుచుకోవాలి. ఇక్కడ రెండు వైపులా పాఠం ఉంది, మీరన్నట్టు చూడని చోట రుజువు ఏమీ కాపాడలేదు, నేనన్నట్టు చూసిన చోట టెస్టులకి దొరకనిది దొరికింది.

అమెజాన్ వాళ్ళు కూడా 2015లో రాశారు, డైనమోడీబీ అనే డేటాబేస్ డిజైన్‌ని టీఎల్ఏ ప్లస్ అనే స్పెసిఫికేషన్ భాషలో రాసి చెక్ చేస్తే ఒక బగ్ దొరికింది, దాని అతి చిన్న ట్రేస్‌కే 35 అడుగులు. 35 సంఘటనలు సరిగ్గా ఆ వరసలో జరిగితేనే బయటపడే బగ్‌ని వెయ్యి గంటల సిమ్యులేషన్‌తో పట్టుకుంటారా? పడొచ్చు, పడకపోవచ్చు.


గళ్ళబండి:

తర్కవితర్కం గారూ, మీరు పందెం గెలిచారు. ఉచ్చులో నాలుగే స్టేట్‌లు (స్థితులు), ఇద్దరూ లోపలికి, ఇద్దరూ బయటికి. ఫెయిర్‌నెస్ లైను తీసేశాను.

నిదానంగా గారూ, మీరు చెప్పింది రాసి నడిపాను. ఫెయిల్! రెండూ ఒకదాంట్లోంచి ఒకటి దూరి వెళ్ళిపోతున్నాయి, పక్క గడి ఖాళీ కాబోతోందా అని చూసే చోట నేను ఎదుటి రోబో తర్వాతి అడుగుని నమ్మేశాను. నెల రోజులుగా ఆ కోడ్ చూస్తున్నాను, సిమ్యులేషన్ బొమ్మలో కూడా ఒకసారి చూశాను, డ్రాయింగ్‌లో తేడా అనుకుని వదిలేశాను. ఒక్కసారి సిగ్గేసింది.

దాన్ని దిద్దాను. లైవ్‌లాక్‌కి కూడా మందు వేశాను, సందు మధ్యలో ఎదురుపడితే పెద్ద నంబరున్న రోబో వెనక్కి వెళ్ళాలి, చిన్న నంబరు ముందుకి. రెండు రోబోలతో రెండు ప్రాపర్టీలూ పాస్, ఈసారి ఏ దొంగ ఊహా లేకుండా. ఐదింటితో నడపడానికి మాత్రం మెమరీ చాలదు. రెండుతో పాసైంది కాబట్టి ఐదుకీ పాసే అని రిపోర్టులో రాసుకోవచ్చా?


తర్కవితర్కం:

వద్దు! రాయొద్దు! కనీసం మూడుతో నడిపి చూడండి, నేను చెప్పను ఏం వస్తుందో.

రోబోల సంఖ్య ఎంతైనా సరే ప్రాపర్టీ నిలుస్తుందా అన్న ప్రశ్నకి అన్ని సిస్టమ్‌లకీ పనిచేసే అల్గారిథమ్ లేదని 1986లోనే ఆప్ట్, కోజెన్ నిరూపించారు. కొన్ని ప్రత్యేకమైన ఆకారాలకి మాత్రం అదృష్టం ఉంది, ఉదాహరణకి గుండ్రంగా నిలబడి ఒక టోకెన్‌ని (వంతుకి గుర్తు) చేతులు మార్చుకునే సిస్టమ్‌లలో, కొన్ని రకాల ప్రాపర్టీలకి, చిన్న సంఖ్య దాకా చెక్ చేస్తే ఎంత పెద్ద సంఖ్యకైనా సరిపోతుందని ఎమర్సన్, నామ్‌జోషి 1995లో చూపించారు. మీది ఆ ఆకారం కాదు.

సైజు సంగతి. మీ లెక్క ప్రకారం ఒక్కో రోబోకి 96 గళ్ళు, సరుకు ఉందా లేదా అని 2, మొత్తం 192 స్టేట్‌లు. ఐదు రోబోలంటే 192ని ఐదుసార్లు గుణించాలి, దాదాపు 26 వేల కోట్లు, మెసేజ్‌లు కలపకుండానే. కానీ గొడవంతా సందులోనే కదా? బయట రోబో ఏ గడిలో ఉందో మర్చిపోండి. ఎడమ వైపు, సందులో 1 నుంచి 5 గళ్ళు, కుడి వైపు. ఏడు విలువలు, సరుకు ఉందా లేదా అంటే 14. పద్నాలుగుని ఐదుసార్లు గుణిస్తే 5,37,824. నుఎస్ఎంవీకి అది చిటికెలో పని.

అయితే ఇలా కుదించినప్పుడు ఒక నియమం తప్పకూడదు: కుదించిన మోడల్‌లో అసలు సిస్టమ్ కంటే ఎక్కువ ప్రవర్తనలు ఉండొచ్చు గానీ తక్కువ ఉండకూడదు. "ఎడమ వైపు ఉన్న రోబో ఏ క్షణాన్నైనా సందు మొదట్లోకి రావొచ్చు, రాకపోవచ్చు" అని వదులుగా రాయండి. అలాంటి మోడల్‌లో ఎల్‌టీఎల్ ప్రాపర్టీ పాసైతే అసలు దాంట్లోనూ పాస్. ఫెయిలైతే మాత్రం తొందరపడొద్దు, అది అసలు సిస్టమ్‌లో జరగని నకిలీ ట్రేస్ కావొచ్చు, చేత్తో వెనక్కి వెళ్ళి చూసుకోవాలి. రెండో ప్రాపర్టీకి "పని ఉన్న రోబో ఎప్పుడో ఒకప్పుడు సందు మొదటికి వస్తుంది" అన్న ఊహ కావాల్సి వస్తుంది, దాన్ని విశాలమైన గళ్ళ భాగం మీద విడిగా రుజువు చేసి తెచ్చుకోండి. ఊరికే నమ్మొద్దు.


మూడోకన్ను:

ఆలస్యంగా వచ్చాను. మెసేజ్‌లు పోతాయి అన్న ముక్కని ఎవరూ పట్టించుకోలేదు, నాకు నిద్ర పట్టనిది అదే.

"సందు ఖాళీగా ఉంటే ప్రవేశించు" అన్న రూలు చూడండి. సందు ఖాళీగా ఉండటం వేరు, ఖాళీగా ఉందని రోబోకి తెలిసి ఉండటం వేరు. తెలియడం అంటే ఎపిస్టెమిక్ లాజిక్‌లో (ఎవరికి ఏం తెలుసో చెప్పే లాజిక్) ఖచ్చితమైన అర్థం ఉంది: ఈ రోబోకి ఇప్పుడున్న సమాచారంతో పొసగే, సిస్టమ్ నిజంగా చేరగలిగే ప్రతి స్టేట్‌లోనూ సందు ఖాళీగా ఉండాలి. అవతలి కొసన ఉన్న రోబో పంపిన "వస్తున్నాను" మెసేజ్ పోయి ఉండే అవకాశం ఒక్కటి ఉన్నా, ఈ రోబోకి తెలియనట్టే. ఎంసీమాస్ అనే మోడల్ చెకర్ ఇలాంటి ఫార్ములాలు నేరుగా తీసుకుంటుంది, "ప్రవేశిస్తే, ఖాళీ అని తెలిసే ప్రవేశించాలి" అని రాసి చూడండి.

ఇక్కడ అందరూ చేసే పని, ఒప్పందం కోసం మెసేజ్‌కి రసీదు, రసీదుకి మళ్ళీ రసీదు, ఇలా పెంచుకుంటూ పోవడం. అది ఎంత దూరం పోయినా తెగదు. మెసేజ్‌లు పోయే అవకాశం ఉన్న చోట "ఇద్దరికీ తెలుసు, ఇద్దరికీ తెలుసని ఇద్దరికీ తెలుసు..." అనే ఉమ్మడి జ్ఞానం మెసేజ్‌ల వల్ల రాదని హాల్‌పెర్న్, మోజెస్ నిరూపించారు. కాబట్టి ఉమ్మడి జ్ఞానం అవసరం లేని డిజైన్ వెతుక్కోవాలి. సందుకి ఒకే ఒక్క టోకెన్, దాన్ని సందు దగ్గర ఒక కంట్రోలర్ పెట్టుకుని ఉంటుంది. ఒకరికి ఇచ్చాక తిరిగి వచ్చేదాకా ఇంకొకరికి ఇవ్వదు. టోకెన్ మెసేజ్ దారిలో పోయిందా? ఎవరూ లోపలికి రారు, గుద్దుకోవడం లేదు. మళ్ళీ మళ్ళీ పంపుతుంటే ఎప్పుడో అందుతుంది, ఇక్కడ ఛానెల్ మీద ఫెయిర్‌నెస్ పెట్టుకోవడం న్యాయం. (పాత మెసేజ్ ఆలస్యంగా వచ్చి రోబో రెండోసారి దూరకుండా టోకెన్‌కి సీరియల్ నంబర్ వేయండి, ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది.)

టోకెన్ పట్టుకున్న రోబో చెడిపోతే ఎలా అని మీరు తర్వాత అడుగుతారు, "ఇంతసేపు తర్వాత టోకెన్ చెల్లదు" అని గడువు పెడదామంటారు. డేటాబేస్‌లలో అది చెల్లుతుంది. ఇక్కడ గడువు తీరినంత మాత్రాన చచ్చిన రోబో సందులోంచి లేచి వెళ్ళిపోదు కదా.


కొత్తకుండ:

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నావి రోబోలు కావు, నాలుగు భాషా మోడల్ ఏజెంట్లు, ఒకదానికొకటి పనులు అప్పగించుకుంటాయి. ఒక్కోసారి ఒకే పనిని అటూ ఇటూ తోసుకుంటూ కూర్చుంటాయి. ఇవన్నీ వాటికి పనికొస్తాయా?


నిదానంగా:

అది పైన చెప్పిన లైవ్‌లాకే. భాషా మోడల్ లోపల ఏం జరుగుతుందో మీరు మోడల్ రాయలేరు, రాయక్కర్లేదు కూడా. "అనుమతించిన పనుల్లో ఏదైనా చేయొచ్చు" అని పూర్తిగా వదులుగా రాసేయండి, చుట్టూ ఉన్న అప్పగింతల ప్రోటోకాల్‌ని మాత్రం గట్టిగా రాయండి, దాన్ని చెక్ చేయండి. ఉదాహరణకి ఒక పని ఎన్ని చేతులు మారిందో లెక్కపెట్టి హద్దు దాటితే ఆపేసే భాగం. అంత వదులు మోడల్‌లోనూ పాసైతే ఏజెంట్ ఎంత తిక్కగా ప్రవర్తించినా ప్రోటోకాల్ నిలుస్తుంది. నడుస్తున్నప్పుడు కాపలా కాసే మానిటర్ కూడా పెట్టండి, కానీ అది సేఫ్టీ తప్పుల్నే పట్టుకోగలదు. "ఎప్పుడో ఒకప్పుడు" తప్పిందని ఏ క్షణంలోనూ చెప్పలేదు, రేపు జరగొచ్చు కదా అంటుంది. అందుకే మళ్ళీ హద్దు పెట్టమనేది. మిగతాది వేరే పోస్టు పెట్టి అడగండి, ఇక్కడ గళ్ళబండి గారి బండి ఆగిపోతుంది.


గళ్ళబండి:

బండి ఆగిపోలేదు గానీ సందులో ఇరుక్కుంది :)

14 విలువల మోడల్ రాశాను. మొదటిసారి ఐదు రోబోలకీ రెండు సెకన్లలో రెండో ప్రాపర్టీ పాస్. ఈసారి నమ్మలేదు. "ఏ రోబోకైనా ఎప్పుడైనా పని వస్తుందా" అని విడిగా అడిగితే "రాదు" అంది. పని అప్పగించే వేరియబుల్‌కి మొదటి విలువ ఇచ్చి తర్వాత మార్చడం మర్చిపోయాను. "పని వస్తే పూర్తవుతుంది" అన్నది పని రాని లోకంలో నిజమే మరి! ఇప్పుడు ప్రతి "అయితే" ప్రాపర్టీ పక్కనా దాని మొదటి సగం అసలు జరుగుతుందా అని ఒక చెక్ రాసి పెట్టుకున్నాను.

దాన్ని దిద్దాక మూడు రోబోలతో ఫెయిల్. తర్కవితర్కం గారు చెప్పకుండా దాచింది ఇదేనేమో: 1వది కుడి నుంచి, 2వది ఎడమ నుంచి సందులోకి వస్తాయి. ఎదురుపడతాయి. రూలు ప్రకారం 2 వెనక్కి వెళ్ళాలి. కానీ ఈలోగా 3 వచ్చి 2 వెనకే నిలబడింది, దానికి కనిపించేది 2 వీపు మాత్రమే, ఎదురుగా 1 ఉన్న సంగతి చెప్పిన మెసేజ్ పోయింది. 2 వెనక్కి వెళ్ళలేదు, 1 ముందుకి రాలేదు, 3 ఎందుకు ఆగిందో దానికే తెలియదు. రెండు రోబోలతో ఇది రానే రాదు, వెనక నిలబడే మూడోది ఉండాలి.

సందు మధ్యలో తగువు తీర్చడం అన్న ఆలోచనే వదిలేసి మూడోకన్ను గారు చెప్పిన టోకెన్ పెడుతున్నాను, సీరియల్ నంబర్‌తో సహా. ఒక్క అనుమానం మిగిలింది: ఎడమ వైపు నుంచి రోబోలు వరసగా వస్తుంటే కంట్రోలర్ వాటికే టోకెన్ ఇస్తూ పోయి కుడి వైపు ఉన్నది ఆకలితో చావదా? దీనికి ఛానెల్ ఫెయిర్‌నెస్ సరిపోదు కదా?


మూడోకన్ను:

సరిపోదు. ఛానెల్ ఫెయిర్‌నెస్ కుడి వైపు రోబో అడిగిన మాటని కంట్రోలర్ దాకా చేరుస్తుంది, అంతవరకే. ఆ తర్వాత ఎవరికి ఇవ్వాలో కంట్రోలర్ ఇష్టం. "అనంతసార్లు అడిగిన ప్రతివాడికీ అనంతసార్లు ఇస్తాడు" అన్నది స్ట్రాంగ్ ఫెయిర్‌నెస్, దాన్ని నిజం చేయాల్సింది మీ కోడ్, కాబట్టి ఊహగా రాయకూడదు, తర్కవితర్కం గారి రూలే. అడిగిన వరసలో క్యూ పెట్టండి. ఐదుగురే కాబట్టి క్యూ పొడవు ఐదు దాటదు, స్టేట్‌లు కొన్ని వందల రెట్లు పెరుగుతాయి, అయినా నుఎస్ఎంవీ మోస్తుంది. ఒకే రోబో అడిగిన మెసేజ్ రెండుసార్లు అందితే క్యూలో రెండు చోట్ల పడకుండా చూసుకోండి.


గళ్ళబండి:

పడింది. 3వ రోబో క్యూలో రెండుసార్లు ఉంది, ఒకసారి దాటేశాక రెండో టోకెన్ దానికే వచ్చింది, దానికి పని లేదు కాబట్టి తిరిగి ఇవ్వడం లేదు. ట్రేస్ 14 అడుగులు. దిద్దుతున్నాను.